దేశాంతరమున బిడ్డల పుట్టినరోజులు – మన సంస్కారములు



మార్కాపురము, గిద్దలూరు, కంభము, దోర్నాల ప్రాంతములందలి గృహములలో నేడొక ప్రశ్న తరచుగా వినబడుచున్నది. కుమారుడో కుమార్తెయో చదువు కొరకు, ఉద్యోగము కొరకు సముద్రములు దాటి పోయి, అచ్చటనే సంసారము నెలకొల్పుకొనుచున్నారు. మనుమలు, మనుమరాండ్రు అచ్చటనే జన్మించుచున్నారు. "మనుమనికి ఏడాది నిండుచున్నది. హాలు మాట్లాడి కేకు కోయించెదరట. మన పద్ధతి యేమి? పుట్టువెండ్రుకలు ఎప్పుడు తీయించవలెను? ఇక్కడి తిథి చూడవలెనా, అక్కడి తిథి చూడవలెనా?" అని అవ్వాతాతలు అడుగుచున్నారు. అక్కడి తల్లిదండ్రుల బాధ వేరు. "మాకు చెప్పువారు లేరు. బిడ్డ అడిగిన ప్రశ్నకు బదులు మాకే తెలియదు" అని వారందురు. ఉభయులకును ఉపయోగపడునట్లు ఈ విషయమును వివరించుటకు ప్రయత్నింతుము.

ముందుగా ఒక సత్యమును చెప్పుకొనవలెను. మన ప్రాంతపు పెద్దలలో అనేకులకు తమ పుట్టినరోజు ఏదియో తెలియదు. "చెరువు అలుగు పారిన యేడు", "పెద్ద కరవు వచ్చిన యేడు" అనునవే వారికి గుర్తులు. బడిలో చేర్చిననాడు ఉపాధ్యాయుడు అందాజుగా వ్రాసిన తేదీయే కాగితములలో నిలిచిపోయినది. కావున "మనవారందరు ఏటేట శాస్త్రోక్తముగా జన్మదినము జరుపుకొనిరి, విదేశములకు పోయినవారే చెడగొట్టిరి" అనుట న్యాయము కాదు. శాస్త్రమున విధి కలదు; ఆచరించినవారు కొందరే. దూరదేశమున నున్న బిడ్డలు నేడు దానిని తెలిసికొనగోరుచున్నారనిన, అది సంతోషింపదగిన విషయమే గాని నిందింపదగినది కాదు.

వర్ధాపన విధి

జన్మదినమున చేయదగిన కర్మకు ధర్మశాస్త్ర గ్రంథములలో వర్ధాపనమని పేరు. 18వ శతాబ్ది చివర కాశీనాథోపాధ్యాయులు కూర్చిన ధర్మసింధువునందు ఈ విధి వివరింపబడినది. వర్ధనమనగా పెరుగుదల. బిడ్డ ఆయువు, ఆరోగ్యము, బుద్ధి పెరుగవలెనని చేయు పూజ యగుటచే దానికాపేరు వచ్చినది. ఇదే ధాతువునుండి పుట్టిన 'వర్ధంతి' యను మాటకు కన్నడ దేశమున నేటికిని పుట్టినరోజనియే అర్థము. మన తెలుగు వాడుకలో మాత్రము అది పరమపదించినవారి సంవత్సర దినమునకు చెల్లుచున్నది. మాట యొకటే, దేశమును బట్టి అర్థము తలక్రిందులైనది.

ఆ దినమున నువ్వుల పిండితో నలుగు పెట్టి, తలంటి స్నానము చేయించి, క్రొత్త వస్త్రములు కట్టవలెను. పిమ్మట గణపతిని, కులదేవతను, జన్మనక్షత్ర దేవతను పూజింపవలెను. అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు అను ఏడుగురు చిరంజీవులను, వారితో మార్కండేయ మహర్షిని స్మరింపవలెను. బిడ్డలను కాపాడు షష్ఠీదేవికి పెరుగన్నము నివేదింపవలెను. చివర నువ్వులు, బెల్లము కలిపిన పాలను బిడ్డచే త్రావింపవలెను. ఆనాడు గోళ్లు, వెండ్రుకలు తీయరాదు, మాంసము తినరాదు, కలహము, హింస కూడవు.

పదునారేండ్ల ఆయువుతో పుట్టిన మార్కండేయుడు శివలింగమును కౌగిలించుకొని మృత్యువును దాటిన కథ మనమందరము ఎరిగినదే. ఆయనను పుట్టినరోజున తలచుటలో గొప్ప అర్థము కలదు. ఈ దినము "నేనింతవాడనైతిని" అని చాటుకొనుటకు కాదు. "ఈ యేడు గడచుట నీ యనుగ్రహము" అని భగవంతునికి విన్నవించుకొనుటకు.

పై విధిలో విదేశమున దొరకని వస్తువేది? పాలు, నువ్వులు, బెల్లము, పెరుగన్నము. ఇవి దొరకని ఊరు లేదు. "అపార్టుమెంటులో హోమము చేసిన పొగకు గంట మ్రోగును, అగ్నిమాపక దళమువారు వత్తురు, ఇక మేమేమి చేయగలము?" అని కొందరు విడిచిపెట్టుచున్నారు. ఆయుష్యహోమము చేయగలిగినవారు దేవాలయమున చేయించుకొనవచ్చును. అమెరికాలో పిట్స్‌బర్గు శ్రీ వేంకటేశ్వరాలయము 1976 లోను, న్యూయార్కు ఫ్లషింగులోని గణపతి ఆలయము 1977 లోను వెలసినవి. తరువాత అనేక నగరములందు ఆలయములు, పురోహితులు ఏర్పడినారు. ఆలయము దూరమైనచో ఇంట దీపము, నామస్మరణ, నైవేద్యము చాలును. శక్తికి మించినదానిని శాస్త్రము అడుగదు. శక్తి యుండియు చేయకుండుటను మాత్రము మెచ్చదు.

ఏ దినమున జరుపవలెను?

తేదీ సూర్యమానమునకు చెందినది. తిథి చంద్రమానమునకు చెందినది. సూర్యునికిని చంద్రునికిని నడుమ పన్నెండు భాగల దూరము పెరిగినచో ఒక తిథి గడచినట్లు. పన్నెండు చాంద్రమాసములు కలిసి సుమారు 354 దినములు. సౌర సంవత్సరముకంటె ఇది పదునొకండు దినములు తక్కువ. అందుచే తిథిని బట్టి వచ్చు పుట్టినరోజు ఏటేట కొంత వెనుకకు జరుగుచు, అధిక మాసము వచ్చిన యేడు మరల ముందునకు వచ్చును. ఇంచుమించు పందొమ్మిదేండ్లకొకసారి తిథియు తేదీయు మరల కలిసికొనును. ఈ సంగతి చెప్పినచో గణితమునందు ఆసక్తి గల బిడ్డలు ఉత్సాహముతో లెక్క చూచుకొందురు.

ఇక 'ఇక్కడి తిథియా, అక్కడి తిథియా' అను సందేహము. తిథి ముగియు క్షణము లోకమంతటికిని ఒక్కటే. గడియారములు చూపు వేళలే వేరు. ఉదాహరణకు, ఒక తిథి శనివారము ఉదయము 9 గంటలకు మార్కాపురమున మొదలై, ఆదివారము ఉదయము 9 గంటలకు ముగిసినదనుకొందము. మనకు ఆదివారము సూర్యోదయమున ఆ తిథి కలదు గనుక ఆదివారమే పర్వము. చలికాలమున న్యూయార్కు గడియారము మనకంటె పదిన్నర గంటలు వెనుక నుండును. అక్కడ అదే తిథి శుక్రవారము రాత్రి 10.30 కు మొదలై శనివారము రాత్రి 10.30 కే ముగియును. అచ్చట శనివారపు సూర్యోదయమున మాత్రమే ఆ తిథి కలదు. కనుక వారికి శనివారమే పర్వదినము. నివసించు చోటి సూర్యోదయమునకు గణించిన పంచాంగమునే వారు అనుసరింపవలెను. "మనము ఆదివారము చేయుచుండగా వారు శనివారమే చేసిరేమి?" అని ఇక్కడి పెద్దలు నొచ్చుకొనరాదు. వారు తప్పలేదు, సూర్యుడే వారికి వేరుగా ఉదయించినాడు.

అధిక మాసమున పుట్టిన బిడ్డల సంగతియు అడుగుచున్నారు. 2023 లో శోభకృత్ సంవత్సరమున అధిక శ్రావణము వచ్చినది. అందు పుట్టిన బిడ్డకు ఇతర సంవత్సరములలో మామూలు శ్రావణముననే అదే తిథినాడు జరుపవలెను. తమిళ దేశమున సౌరమాసములోని జన్మనక్షత్రమును ప్రధానముగా గైకొందురు. మన తెలుగువారిలో తిథికే వాడుక హెచ్చు. ఏ యింటి సంప్రదాయము వారికి ప్రమాణము.

"తేదీనాడు బిడ్డ స్నేహితులు వత్తురు, తిథినాడు బడి యుండును, ఏది విడువవలెను?" అందురా? దేనిని విడువనక్కరలేదు. తిథినాడు ఉదయము స్నానము, పూజ, పెద్దలకు నమస్కారము. ఇది అరగంట పని. తేదీనాడు స్నేహితులతో విందు. మొదటిది భగవంతునితో చేసికొనునది, రెండవది లోకముతో చేసికొనునది.

సంకల్పమున మన ఊరు

పూజకు ముందు చెప్పు సంకల్పమున మన మెచ్చట నున్నామో, ఏ కాలమున నున్నామో చెప్పుకొందుము. మన ప్రాంతమున శ్రీశైలము గుర్తు. మార్కాపురము శ్రీశైలమునకు ఆగ్నేయ దిక్కున నున్నది. గిద్దలూరు ఇంచుమించుగా దక్షిణ దిక్కున నున్నది. నల్లమల దాటినచో మల్లన్న సన్నిధి. త్రిపురాంతకము ఆ క్షేత్రమునకు తూర్పు ద్వారము. 1970 లో ప్రకాశము జిల్లా ఏర్పడువరకు మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. ప్రభుత్వముల సరిహద్దులు మారినను సంకల్పములో శ్రీశైలమునకు మనమున్న దిక్కు మారలేదు.

అమెరికాలోని పురోహితులనేకులు జంబూద్వీపమునకు బదులు క్రౌంచద్వీపమని చెప్పి, అచ్చటి నదుల పేర్లు చేర్చి సంకల్పము చేయించుచున్నారు. ఇది యుక్తమే, సంకల్పము నిజము పలుకవలెను గదా! అయితే ఆ పిదప తండ్రి బిడ్డకు ఇట్లు చెప్పవలెను: "నాయనా, ఇప్పుడు మనమున్న చోటు చెప్పుకొంటిమి. మీ తాతయ్య ఈ మాటలే చెప్పునపుడు శ్రీశైలమునకు ఆగ్నేయముననని చెప్పును. మనము వచ్చినది అచ్చటినుండి." గోత్రము, నక్షత్రము, తాత పేరు, ఊరి పేరు ఈ నాలుగును ఏడాదికొకసారి బిడ్డ నోట పలికించినచో, పదేండ్లు వచ్చుసరికి మరపురాని విధముగా నిలుచును.

అట్లే సంవత్సర నామము. 2025 ఉగాదితో మొదలైనది విశ్వావసు. దాని తరువాతది పరాభవ. అరువది నామములు తిరిగి తాను పుట్టిన నామము మరల వచ్చినపుడు షష్టిపూర్తి. "నీవు పుట్టిన సంవత్సరము మరల వచ్చుసరికి నీవు తాతవగుదువు" అనినచో నవ్వని బిడ్డ యుండదు.

అడుగడుగునకు పండుగ

మన తెలుగువారు ఏడాదికొక్కసారి గాక, బిడ్డ ఎదుగుదలలో ప్రతి మెట్టునకును పండుగ చేసిరి. బోరగిలపడిన బొబ్బట్లు, అడుగులు వేసిన అరిసెలు, మాటలు వచ్చిన పంచదార చిలుకలు పంచుట మన ఇండ్ల వాడుక. అరిసెలపై బిడ్డచే అడుగులు వేయించుట నేటికిని కలదు. సంక్రాంతికి ముందునాడు రేగుపండ్లు, శనగలు, చిల్లర నాణెములు, పూలరేకులు కలిపి భోగిపండ్లు పోయుట మరియొక వేడుక. రేగుపండ్లు దొరకని దేశమున అచ్చట దొరకు చిన్న పండ్లు వాడుచున్నారు. దిష్టి తీయుటయు, ముత్తైదువల ఆశీస్సును అందులోని సారములు; అవి యున్నచో పండు ఏదైనను దోషము లేదు.

వీనికి తోడు శాస్త్రము విధించిన సంస్కారములు కలవు. పదునొకండవ లేదా పండ్రెండవ దినమున నామకరణము శాస్త్రవిధి. మన ఇండ్లలో ఇరువదియొకటవ దినమున బారసాల చేయువారు హెచ్చు. మగబిడ్డకు ఆరవ నెల మొదలు సరి నెలలలోను, ఆడుబిడ్డకు ఐదవ నెల మొదలు బేసి నెలలలోను అన్నప్రాశనము. ఒకటవ, మూడవ లేదా ఐదవ యేట పుట్టువెండ్రుకలు. ఐదవ యేట అక్షరాభ్యాసము. పిదప ఉపనయనార్హత గలవారికి ఉపనయనము. పంచెల పండుగ, ఓణీల పండుగ మొదలగునవి దేశాచారములు.

కాలము మించినచో

ఇచ్చటనే చాలమంది మనసు కలత చెందుచున్నది. "చెన్నకేశవస్వామికి తలనీలాలు మ్రొక్కుకొంటిమి. వీసా చిక్కు వలన రెండేండ్లుగా రాలేకపోయితిమి. మూడవ యేడు దాటిపోవుచున్నది. బిడ్డకేమైన కీడు జరుగునా?" అని తల్లులు భయపడుచున్నారు. వారికి మేము చెప్పునదిది: భయపడవలదు. సంస్కారములకు ముఖ్యకాలము, గౌణకాలము అని రెండు కలవు. ముఖ్యకాలము తప్పినచో గౌణకాలమున చేయవచ్చును. అదియు మించినచో కాలాతిక్రమ ప్రాయశ్చిత్తము చేసికొని తరువాత చేయుటకు శాస్త్రము వీలు కల్పించినది. చౌలము ఉపనయనముతో కలిపి చేయు ఆచారమును కలదు. మనుష్యుల ఇబ్బందులను ఋషులు ఎరుగుదురు. అందుచేతనే ఈ వెసులుబాట్లు ఉంచిరి.

మ్రొక్కు విషయమున పసుపు గుడ్డలో నాణెము కట్టి, "స్వామీ, రాగలిగిననాడు వచ్చి చెల్లింతుము" అని దేవుని ఎదుట ముడుపుగా ఉంచుట మన పెద్దల పద్ధతి. ఆ ముడుపును బిడ్డ చేతనే కట్టించినచో, మార్కాపురమున తనకొరకు ఒక స్వామి ఎదురుచూచుచున్నాడను భావము ఆ చిన్న హృదయమున నాటుకొనును. భగవంతుడు అప్పులవాడు కాడు, వడ్డీ లెక్కించుటకు! అయితే రాగలిగినపుడు విహారస్థలములన్నియు తిరిగి ముడుపును మాత్రము మరచుట తగదు.

పలకయు బలపమును

అక్షరాభ్యాసమునకు మన ప్రాంతముతో ప్రత్యేక సంబంధము కలదు. మార్కాపురపు భూమిలో పొరలు పొరలుగా దొరకు నల్లరాతిని చీల్చి, నునుపు చేసి, కొయ్యచట్రములు బిగించి చేసిన పలకలపైననే ఒకప్పుడు దేశమున అనేక బడుల పిల్లలు అక్షరములు దిద్దిరి. నేడు బడులలో పలక వాడుక తగ్గినది. ఆ రాయి ఇప్పుడు ఇండ్ల గోడలకు, నేలలకు పలకలుగా విదేశములకు ఎగుమతి యగుచున్నది. విదేశమున ఇంటి గోడకు మన రాయి చేరుచున్నది గాని, అచ్చటి మన బిడ్డ చేతికి మన పలక చేరుట లేదు!

మనుమని చూడబోవు అవ్వాతాతలకు మా విన్నపము: పచ్చళ్లు, పొడులు సర్దుకొను పెట్టెలో ఒక పలక, నాలుగు బలపములు కూడ పెట్టుకొనుడు. పళ్లెములో బియ్యము పోసి మొదట వ్రేలితో దిద్దించి, పిదప ఆ పలకపై వ్రాయింపుడు. ఈ రాయి మన ఊరి భూమిలోనిదని చెప్పుడు. ఇంతకంటె మంచి పుట్టినరోజు కానుక ఐదేండ్ల బిడ్డకు ఏమి కలదు?

అక్షరాభ్యాసము ఒక్క దినపు వేడుకగా ముగియరాదు. ఛాయాచిత్రము తీసి అటకపై పెట్టిన పలక వలన ప్రయోజనము లేదు. సిలికానాంధ్ర సంస్థ 2007 లో ప్రారంభించిన మనబడి మొదలగు బడులు విదేశములలో తెలుగు నేర్పుచున్నవి. అట్టి బడి దగ్గర లేనిచో తల్లియే గురువు. 19వ శతాబ్దిలో చెరకు తోటల కూలికై మారిషసు ద్వీపమునకు పోయిన తెలుగువారిని తలచుకొనుడు. వారికి విమానము లేదు, టెలిఫోను లేదు. అయినను వారి సంతతి రామభజనను, సింహాద్రి అప్పన్న కొలువును నిలుపుకొన్నారు. నేడు ఆ దేశమున ఉగాది సెలవు దినము. అన్ని వసతులు గల మనవారు నిలుపుకొనలేరా?

దీపమును ఆర్పుట

ఇక కేకు విషయము. కేకు ఒక తినుబండారము. గ్రుడ్డు లేనిది చేయించి పిల్లలకు పంచినచో దోషమేమియు లేదు. ఆలోచింపవలసినది దానిపై వెలిగించిన క్రొవ్వొత్తులను ఊది ఆర్పుటను గూర్చి. ఈ ఆచారము 18వ శతాబ్ది నాటి జర్మనీ దేశమున కనబడుచున్నది. ఏడాదికొక క్రొవ్వొత్తి చొప్పున పెట్టుట వారి రీతి. వారికి అది శుభము. మనము నిందింపరాదు.

మన మార్గము వేరు. దీపము మనకు లక్ష్మీ స్వరూపము. దీపము ఆరినదని నోట పలుకుటకు కూడ మనవారు జంకి, 'కొండెక్కినది', 'ఘనమైనది' అందురు. అట్టి యింట పుట్టిన బిడ్డచే, ఆయువు కోరు దినముననే, నోటితో దీపము ఊదించుట పొసగునా? అయితే బిడ్డను పదిమంది ముందు కసరి కన్నీరు పెట్టించుటయు పుట్టినరోజున కలహము చేయుటయే, అదియు నిషిద్ధమే. మార్గము సులభము. ఎన్ని యేండ్లు నిండినవో అన్ని ప్రమిదలు బిడ్డచే వెలిగింపుడు. వచ్చిన స్నేహితులచే కూడ ఒక్కొక్కటి వెలిగింపుడు. "మీరు ఆర్పుదురేల?" అని ఎవరిని అడుగనక్కరలేదు, "మేము వెలిగింతుము" అని చెప్పిన చాలును. పొరుగు పిల్లవాని పుట్టినరోజునకు పోయినపుడు వారి పద్ధతిని గౌరవించుట నేర్పుడు. తన యింటి రీతి తెలిసిన బిడ్డకు పరుల రీతి వలన భయము లేదు.

దేవుని బొమ్మ వేయించిన కేకును కత్తితో కోయుట మాత్రము భక్తియని భ్రమింపరాదు.

వ్యయము – దానము

మొదటి పుట్టినరోజునకు కల్యాణమంత ఆర్భాటము చేయుట ఇక్కడను అక్కడను పెరిగినది. ఒకరు వందమందిని పిలిచిరని వేరొకరు రెండు వందలమందిని పిలుచుచున్నారు. చదువు అప్పు తీరని యువదంపతులు క్రెడిట్ కార్డుపై విందు చేయుట చూచుచున్నాము. ఏడాది బిడ్డకు ఆ వెలుగులు, ఆ రొద నిద్ర చెడగొట్టుటకే. బంధువులు నొచ్చుకొందురని తల్లిదండ్రులు, అల్లునికి తక్కువ యగునని అత్తమామలు, ఇట్లొకరినొకరు ముందునకు త్రోసికొనుచున్నారు. ఇక్కడి పెద్దలే "నాయనా, ఇంత వలదు" అని ఒక్క మాట చెప్పినచో వారికి ఎంత భారము తగ్గును!

జన్మదినమున దానము ప్రధానము. మన పశ్చిమ ప్రకాశము నీటి కరవు ఎరిగిన సీమ. కంభము చెరువు వంటి మహాజలాశయమును విజయనగర కాలమున గుండ్లకమ్మపై కట్టించిన వారి పుణ్యమును నేటికిని అనుభవించుచున్నాము. అంత పని మనకు శక్యము గాకపోవచ్చును. ఎండకాలమున బిడ్డ పేర ఒక చలివేంద్రము పెట్టింపవచ్చును; పుట్టిన ఊరి బడిలో పదిమంది పిల్లలకు పుస్తకములు ఇప్పింపవచ్చును; శ్రీశైల యాత్రికుల అన్నదానమునకు కొంత పంపవచ్చును. పంపునపుడు బిడ్డకు తెలియజేసి, తాను దాచుకొన్న దానిలో ఒక నాణెమైనను కలిపింపవలెను. తండ్రి చేసిన దానము తండ్రిది. బిడ్డ చేతితో ఇచ్చినది బిడ్డకు సంస్కారము.

పెద్దల కర్తవ్యము

చివరగా ఇక్కడ నున్న అవ్వాతాతలకు ఒక మాట. నేడు తెరపై మనుమని ముఖము చూచుచు మాటలాడు వసతి కలిగినది. ఆ కొద్ది నిమిషములను "కేకు ఎవరు తెచ్చిరి? ఎందరు వచ్చిరి?" అను ప్రశ్నలతోను, తిథి తప్పిరను నిందతోను వ్యర్థము చేయవలదు. వారికి పూజవేళ యెప్పుడో ముందుగ తెలిసికొని, మనకు అర్ధరాత్రియైనను లేచి కూర్చుండుడు. బిడ్డ నమస్కరించినపుడు అక్షతలు చేతబట్టి, పేరుతో పిలిచి, నోరార దీవింపుడు. పిదప వాని తండ్రి బాల్యమునుగూర్చి ఒక చిన్న కథ చెప్పుడు. ఏడాదికొక కథ చొప్పున పదునెనిమిదేండ్లకు పదునెనిమిది కథలు. మన వంశచరిత్ర యంతయు అందులో వచ్చును.

ధర్మము ఒక్క నేలకు కట్టుబడినది కాదు. ఆచరించువాని వెంట నడచునది. నువ్వులు కలిపిన గ్రుక్కెడు పాలు, ఒక ప్రమిద, ఒక నమస్కారము, ఒక దానము. ఈ నాలుగును తప్పక జరుగు ఇల్లు ఏ ఖండమున నున్నను అది శ్రీశైలమునకు దగ్గరనే యున్నది. మన బిడ్డలందరికిని మార్కండేయుని భక్తియు, దీర్ఘాయువును కలుగునట్లు శ్రీ లక్ష్మీచెన్నకేశవస్వామి అనుగ్రహించుగాక!

శుభం భూయాత్.